కాటలినా 36 ఆ, టయానా 37 ఆ: రెండు పాత బోట్లలో ఏది తీసుకోవాలి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. 1985 కాటలినా 36 ఒకటి, 1981 టయానా 37 ఒకటి, రెండూ తెరచాప బోట్లే, రెండూ మీ బడ్జెట్‌లోనే ఉన్నాయి, బోటు మీద మీరిద్దరే ఉంటారు, మొదటి రెండు మూడేళ్లు తీరం వెంబడి తిరుగుతారు, ఆ తర్వాత కుదిరితే సముద్రం దాటాలని ఉంది. టయానాకి టేకు డెక్కు (బోటు పైన నడిచే నేల) ఒరిజినల్‌దే, రిగ్గింగ్, అంటే మాస్ట్‌ని (తెరచాప స్తంభాన్ని) నిలబెట్టే వైర్లు, ఆరేళ్ల కింద మార్చారు, డీజిల్ ట్యాంకు సంగతి ఓనర్‌కి సరిగ్గా తెలీదు. కాటలినాకి సెయిల్స్ (తెరచాపలు) నాలుగేళ్లవి, ఇంజిన్ ఒరిజినల్, రిగ్గింగ్ ఎప్పటిదో ఎవరికీ గుర్తు లేదు. మనసు మాత్రం టయానా వైపు లాగుతోంది, ఎందుకంటే అది గట్టి బోటని అందరూ చెప్తున్నారు. ఇదే కదా మీ ప్రశ్న.

నా మాట ముందే చెప్పేస్తాను, ఎందుకో తర్వాత వివరంగా రాస్తాను. మీరిచ్చిన వివరాలను బట్టి నేనైతే కాటలినా వైపే మొగ్గుతాను, కానీ దానికి రెండు షరతులున్నాయి, అవి కింద వస్తాయి. టయానా చెడ్డ బోటని కాదు, నాకు బాగా ఇష్టమైన బోట్లలో అదొకటి. నేనిలా చెప్పడానికి కారణం నా మొదటి బోటు. అది కూడా బరువైన ఫుల్ కీల్ బోటే (కీల్ అంటే బోటు అడుగున నీళ్లలోకి దిగి ఉండే బరువైన భాగం, ఫుల్ కీల్ అంటే అది బోటు పొడవునా ఉంటుంది), సముద్రం దాటుదామనే కొన్నాను, కొన్నాక మొదటి రెండు సీజన్లూ దాన్ని యార్డులో స్టాండ్ల మీద పెట్టి డెక్కు కోసుకుంటూ, ట్యాంకు ముక్కలు చేసి బయటికి తీసుకుంటూ గడిపేశాను, నాతోపాటు ఎంతో ఉత్సాహంగా వచ్చిన మనిషికి ఆ రెండేళ్లలో సెయిలింగ్ మీద ఆసక్తే పోయింది. బోటు తప్పేమీ లేదు, నేనే దాని వయసు లెక్క వేసుకోలేదు. ఆ తర్వాత తేలికపాటి ఫిన్ కీల్ (మధ్యలో మాత్రమే రెక్కలా దిగే కీల్) బోటు ఒకటి తొమ్మిదేళ్లు నడిపాను, మధ్యలో తెలిసినవాళ్లు పిలిస్తే వాళ్లు కొనబోయే బోట్లు చాలానే చూసొచ్చాను.

కాగితం మీద లెక్కలు ముందు చూసేద్దాం, వీటికి ఒక సాయంత్రం చాలు. కాటలినా 36 డిజైన్ బరువు 13,500 పౌండ్లు, అంటే సుమారు 6.1 టన్నులు. టయానా 37 ది 24,000 పౌండ్లు, దాదాపు 10.9 టన్నులు. నీటి గీత దగ్గర పొడవు చూస్తే కాటలినాకి 30 అడుగుల 3 అంగుళాలు, టయానాకి 31 అడుగులు, అంటే నీళ్లలో రెండూ ఇంచుమించు ఒకే పొడవు, బరువులో మాత్రం టయానా కాటలినాకి ఒకటిముప్పావు రెట్లు. ఈ బరువుకీ పొడవుకీ నిష్పత్తి కడితే కాటలినాకి 218 దగ్గర, టయానాకి 360 దగ్గర వస్తుంది, ఎక్కువ వస్తే పొడవుకి బరువైన బోటని అర్థం. పొడవు ఒకటే కాబట్టి హల్ స్పీడు, అంటే హల్ (బోటు ఒళ్లు) నీళ్లలో మామూలుగా అందుకోగలిగే గరిష్ఠ వేగం, కూడా ఒకటే, రెండింటికీ ఏడున్నర నాట్లకి (నాట్ అంటే సముద్రం మీద వేగం కొలత) అటూ ఇటూ. కాబట్టి మంచి గాలి ఉన్నరోజు రెండూ పక్కపక్కనే పోతాయి, తేడా అంతా 8 నాట్ల గాలిలో తెలుస్తుంది. కాటలినా మెల్లగా అయినా కదులుతుంది, టయానా అయితే ఇంకా పెద్ద సెయిల్ ఏదైనా వేయాలి లేదంటే ఇంజిన్ ఆన్ చేయాలి. తీరం వెంబడి తిరిగేవాళ్లకి ఎక్కువ రోజులు దొరికేది ఈ పలచటి గాలే, కొనేటప్పుడు దీని గురించి ఎవరూ ఆలోచించరు, అందరూ తుఫాను గురించే ఆలోచిస్తారు.

తుఫాను మాటొచ్చింది కాబట్టి క్యాప్‌సైజ్ నంబర్ (బోటు తిరగబడే ప్రమాదాన్ని అంచనా వేసే లెక్క) గురించి కూడా చెప్తాను, మీరు అది పట్టుకుని కంగారు పడ్డట్టున్నారు. 1979లో ఫాస్ట్‌నెట్ అనే తెరచాప బోట్ల రేసులో 303 బోట్లు బయల్దేరితే మధ్యలో తుఫాను పట్టుకుని 15 మంది సెయిలర్లు చనిపోయారు, ఆ తర్వాత జరిగిన పరిశీలనల్లోంచే ఈ ఫార్ములా వచ్చింది. వెడల్పునీ బరువునీ మాత్రమే తీసుకుంటుంది, జవాబు 2 లోపు ఉంటే సముద్రం మీదకి పర్లేదు అంటారు. కాటలినాకి సరిగ్గా 2.0 వస్తుంది, టయానాకి 1.6. ఇది చూసి కాటలినా గీత మీద ఉంది, ప్రమాదం అనుకోకండి. ఆ ఫార్ములాకి బరువు బోటులో ఎక్కడుందో తెలీదు, మాస్ట్ చివర టన్ను సీసం కట్టినా, కీల్ అడుగున పెట్టినా ఒకటే నంబర్ ఇస్తుంది. పనికొచ్చేది ఇంకోటుంది, టెడ్ బ్రూవర్ అనే డిజైనర్ ఇచ్చిన మోషన్ కంఫర్ట్ లెక్క (ఎక్కువ వస్తే కుదుపు తక్కువ), అందులో కాటలినాకి 24 దగ్గర, టయానాకి 43 దగ్గర వస్తాయి. ఈ తేడా ఒంటికి తెలుస్తుంది. ఎదురు అలలు వచ్చినప్పుడు తేలిక బోటు చటుక్కున లేచి దబ్బున పడుతుంది, బరువు బోటు నెమ్మదిగా లేచి నెమ్మదిగా దిగుతుంది, మూడో రోజుకి మనిషి ఎంత అలిసిపోతాడు, వండుకుని తినగలుగుతాడా లేదా అన్నది దీని మీదే ఉంటుంది. మీ ఇద్దరిలో ఎవరికైనా సీసిక్‌నెస్ ఉంటే మాత్రం ఈ విషయంలో టయానాకి నిజంగానే మార్కులు వేయాలి.

సామాను సంగతి కూడా చూడండి. సముద్రం దాటడానికి బయల్దేరే ఇద్దరికి నీళ్లు, డీజిల్, తిండి, పనిముట్లు, స్పేర్లు, రెండో లంగరు, చైను, లైఫ్‌రాఫ్టు, బట్టలు, పుస్తకాలు అన్నీ కలిపి టన్నున్నర దాకా సులభంగా అవుతుంది. అదే టన్నున్నర కాటలినా మీద ఎక్కిస్తే దాని బరువులో నాలుగో వంతు, టయానా మీద ఏడో వంతు. కాటలినా నీటి గీత మునిగిపోయి మొద్దుగా తయారవుతుంది, టయానా పెద్దగా పట్టించుకోదు. అంటే నిజంగా ఏళ్ల తరబడి బోటు మీదే ఉండి మహాసముద్రాలు తిరిగేవాళ్లకి టయానా సరైన బోటు, దాన్ని రాబర్ట్ పెర్రీ అనే డిజైనర్ గీసిందే అందుకు, అలా తిరిగొచ్చిన టయానాలు చాలా ఉన్నాయి. అలాగని చిన్న తేలిక బోట్లు దాటలేవని కూడా కాదు, ప్యాట్రిక్ చిల్డ్రెస్ అనే ఆయన కాటలినా 27 మీద ఒంటరిగా ప్రపంచం చుట్టొచ్చారు. ఆయన ఎంత అనుభవం ఉన్న సెయిలరో, బోటుని ఎంత సిద్ధం చేసుకుని ఉంటారో అది వేరే సంగతి.

ఇక నడపడం. టయానాది ముందువైపు కొంచెం కోసిన ఫుల్ కీల్, చుక్కాని దాని వెనక అంచుకే తగిలించి ఉంటుంది. చుక్కానికి రక్షణ బాగుంటుంది, తాళ్లు, చెత్త తగులుకోవు, సముద్రంలో దారి వదలకుండా పోతుంది. కానీ మెరీనాలో (బోట్లు కట్టేసే రేవులో) రివర్స్ చేసేటప్పుడు అది మన మాట వినదు, ప్రొపెల్లర్ ఎటు లాగితే అటే పోతుంది, అది కూడా 11 టన్నులు. పైగా బౌస్ప్రిట్‌తో (ముక్కు నుంచి ముందుకి పొడుచుకొచ్చే దూలంతో) కలిపితే మొత్తం పొడవు 42 అడుగుల దాకా వస్తుంది, స్లిప్ (మెరీనాలో బోటు కట్టే చోటు) అద్దె చాలా చోట్ల ఆ పొడవుకే కడతారు, ఈ ఖర్చు నెలనెలా ఉంటుంది కాబట్టి ముందే అడిగి రాసుకోండి. కాటలినాది ఫిన్ కీల్, విడిగా స్పేడ్ చుక్కాని, కాస్త అలవాటైతే ఇరుకు స్లిప్‌లోకి కూడా ధైర్యంగా తిప్పొచ్చు. కొత్తగా మొదలుపెట్టిన ఇద్దరు శనివారం పొద్దున్న లేచి సరదాగా బయటికి పోవాలంటే, సాయంత్రం తిరిగొచ్చి కట్టేయడం గురించి భయం ఉండకూడదు. ఆ భయం ఉన్నవాళ్ల బోట్లు స్లిప్పుల్లోనే ఉండిపోవడం నేను చాలా చూశాను.

ఇప్పటిదాకా రాసింది రెండూ కొత్తవైతే పోలిక. అవి నలభై ఏళ్ల బోట్లు, అసలు విషయం ఇక్కడే మొదలవుతుంది. ఒక నోట్‌బుక్ తీసుకుని రెండు కాలమ్స్ గీయండి, ఒకటి కాటలినా, ఒకటి టయానా. ఎడమ పక్కన స్టాండింగ్ రిగ్గింగ్, చైన్‌ప్లేట్లు, సెయిల్స్, ఇంజిన్, డీజిల్ ట్యాంకు, నీళ్ల ట్యాంకులు, డెక్కు, సీకాకులు, వైరింగ్, చుక్కాని అని రాసుకోండి, తెలియని పేర్లేమిటో కింద వస్తాయి. ప్రతి దాని ఎదురుగా అది చివరిసారి మార్చిన సంవత్సరం రాయండి, బిల్లు కళ్లారా చూస్తేనే రాయండి, ఓనర్ నోటి మాటగా చెప్తే పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి, ఎవరికీ తెలీదంటే బోటు తయారైన సంవత్సరమే రాయండి. నేను ఏ బోటు చూసినా ఇదే చేస్తాను. చూడగానే నచ్చిన బోటు కాలమ్ నిండా 1981 అని ఉంటే మనసు తనంతట తానే నెమ్మదిస్తుంది. పరుపులు, కర్టెన్లు, టీవీ, కొత్త పెయింటు ఈ లిస్టులో రావు, అమ్మేవాళ్లు ఫోటోల్లో చూపించేవి మాత్రం ఎక్కువగా అవే.

మీ టయానా కాలమ్‌లో నన్ను భయపెట్టేది టేకు డెక్కు. ఆ కాలం తైవాన్ బోట్లలో ఫైబర్‌గ్లాస్ డెక్కు మీద టేకు పలకలు పరిచి స్క్రూలతో బిగించేవాళ్లు, అలాంటి డెక్కులో స్క్రూలు వెయ్యి పైనే ఉంటాయి, అంటే వెయ్యి పైనే రంధ్రాలు. డెక్కు అంటే పైన కింద ఫైబర్‌గ్లాస్ పొరలు, మధ్యలో చెక్క. నలభై ఏళ్లు ఎండకి, ఉప్పు నీళ్లకి మధ్యలో సీలెంట్ ఎండిపోయి ఒక్కో స్క్రూ పక్కనుంచి కొంచెం కొంచెంగా నీళ్లు దిగి ఆ చెక్క నానిపోతుంది, పైకి ఏమీ కనిపించదు. టేకు మీద స్క్రూ తలల్ని కప్పే చిన్న చెక్క బిళ్లలు ఊడిపోయి ఉన్నాయా, పలకలు అరిగి పలచబడ్డాయా చూడండి. డెక్కు మీద చెప్పులు లేకుండా బరువుగా నడవండి, ఎక్కడైనా మెత్తగా దిగినట్టు అనిపిస్తే లేదా పలకల మధ్యనుంచి నీళ్లు చిమ్మితే అర్థం అయిపోయినట్టే. లోపలికెళ్లి కప్పు చెక్కల మీద, అల్మారాల వెనక గోధుమరంగు నీటి చారలు వెతకండి. టేకు మొత్తం పీకి, తడిసిన చెక్క తీసి, మళ్లీ ఫైబర్‌గ్లాస్ వేయడం అంటే యార్డుకి ఇస్తే బోటు ధరలో పెద్ద భాగం పోతుంది, మీరే చేసుకుంటే మీ సెలవులన్నీ పోతాయి, నాకైతే ఒక వేసవి మొత్తం దానికే పోయింది.

రెండోది ఆ డీజిల్ ట్యాంకు. పాత టయానా 37లలో ముందు పడుకునే బెర్తు కింద బ్లాక్ ఐరన్ ట్యాంకు ఉండేది, 90 గ్యాలన్ల పైన, అంటే 340 లీటర్లు దాటి. అది నిండితే ముక్కు మీద మూడు వందల కిలోల దాకా బరువు పడి బోటు ముందుకి వంగుతుంది, అది ఒక ఇబ్బంది. అసలు ఇబ్బంది అది తుప్పు పట్టి కారడం. "సంగతి తెలీదు" అని ఓనర్ అన్నారంటే మార్చలేదనే అనుకోవాలి, ఎందుకంటే ఆ ట్యాంకు మార్చినవాడు జన్మలో మర్చిపోడు. బెర్తు కింద చెక్క పైకెత్తి టార్చి వేసి అడుగు అంచులు చూడండి, చేత్తో తడిమి వాసన చూడండి.

మూడోది చైన్‌ప్లేట్లు, అంటే మాస్ట్‌ని పట్టుకునే వైర్లు హల్‌కి తగులుకునే స్టీలు పట్టీలు. రిగ్గింగ్ ఆరేళ్ల కింద మార్చారు అన్నారు కదా, సంతోషం, కానీ వైర్లు మార్చి చైన్‌ప్లేట్లు పాతవే ఉంచేయడం చాలా మామూలు, కాబట్టి బిల్లులో ఏముందో చదవండి. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకుండా ఉండాలంటే దాని పైపొరకి ఆక్సిజన్ తగులుతుండాలి, డెక్కులోంచి దూరే చోట సీలెంట్ మధ్యన తడి ఆగిపోతే గాలి అందదు, అక్కడ లోపల్లోపల గీతలా కొరికేస్తుంది. పైన తళతళా మెరుస్తుంటుంది, కిందా మెరుస్తుంటుంది, మధ్యలో ఆ అంగుళం మాత్రం సగం తినేసి ఉంటుంది. ఒక్కటైనా బయటికి తీసి చూపిస్తేగానీ నేను నమ్మను. బౌస్ప్రిట్ చెక్కదైతే దాని వెనక మొదలు, కింద నీటి గీత దగ్గర బాబ్‌స్టే (బౌస్ప్రిట్‌ని కిందికి లాగి పట్టే వైరు) తగులుకునే ఫిట్టింగు కూడా అలాగే చూడాలి, ముందు వైరు భారమంతా చివరికి దాని మీదే పడుతుంది. మాస్ట్ అల్యూమినియమా చెక్కదా అన్నది మీరు రాయలేదు, ఆ రోజుల్లో రెండూ ఇచ్చేవాళ్లు. చెక్కదైతే వార్నిష్ కింద నల్లబడ్డ చోట్లు, జాయింట్లు జాగ్రత్తగా చూడాలి.

కాటలినా వైపు వస్తే నా మొదటి షరతు కీల్ జాయింటు. దాని కీల్ సీసంది, బోల్టులతో హల్‌కి బిగించి ఉంటుంది. ముందు అంచు దగ్గర హల్‌కీ కీల్‌కీ మధ్య నవ్వినట్టు ఒక పగులు కనిపిస్తుంది, దాన్ని కాటలినా స్మైల్ అనే పిలుస్తారు, అంత మామూలు అది. సన్న గీతైతే బోల్టులు బిగించి ఫెయిరింగ్ చేస్తే (పుట్టీ పెట్టి నునుపు చేస్తే) పోతుంది. కానీ అందులోంచి తుప్పు నీళ్లు కారుతున్నా, బోటు పైకెత్తిన రెండు రోజుల తర్వాత కూడా తడి వస్తూనే ఉన్నా, బిల్జ్‌లో (బోటు లోపలి అట్టడుగున) బోల్టుల చుట్టూ పగుళ్లున్నా అది వేరే కథ. క్రేన్ బెల్టుల్లో వేలాడుతున్నప్పుడు ఒకసారి, కీల్ నేల మీద మెల్లగా ఆనించాక ఒకసారి ఆ గీతని చూడమనండి, తెరుచుకుని మూసుకుంటుంటే అక్కడే ఆగిపోండి. టయానాకి ఈ బోల్టుల గొడవ లేదు, దాని ఇనుప బాలస్ట్ (బోటు తిరగబడకుండా అడుగున పెట్టే బరువు) ఫైబర్‌గ్లాస్ లోపలే ఉంటుంది, కానీ ఎప్పుడైనా నేల తాకి ఆ గ్లాస్ పగిలి లోపలికి నీళ్లు పోతే ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, కాబట్టి దానికీ కీల్ అడుగు చూడాల్సిందే.

రెండో షరతు రిగ్గింగ్. ఎప్పటిదో తెలీదు అంటే నలభై ఏళ్లదే అనుకుని లెక్క కట్టండి, పది పదిహేనేళ్లకి మార్చాల్సిన వస్తువు అది, చాలా ఇన్సూరెన్స్ వాళ్లు కూడా దాని వయసు అడుగుతారు. కొత్త రిగ్గింగ్‌కి రాతపూర్వకంగా కొటేషన్ తీసుకోండి, బేరం దాన్ని పట్టుకునే మొదలుపెట్టండి, కొన్నాక మొదటి సీజన్‌కి ముందే మార్చేయండి. ఇది ఖర్చే, కానీ ఎంతవుతుందో ముందే తెలిసే ఖర్చు, రెండు వారాల్లో అయిపోయే పని. టయానా డెక్కు అలా కాదు, తెరిస్తేగానీ ఎంతవుతుందో ఎవరూ చెప్పలేరు. నేను కాటలినా వైపు మొగ్గడానికి అసలు కారణం ఈ తేడానే.

ఇంజిన్ గురించి భయపడొద్దు గానీ చూడాల్సినవి చూడండి. ఆ కాలం కాటలినాల్లో యూనివర్సల్ డీజిల్ వచ్చేది, ఎం25 అయితే అది కుబోటా బ్లాకు మీద కట్టిందే, శుభ్రమైన ఆయిలు, డీజిలు ఇస్తే చాలా ఏళ్లు పనిచేస్తుంది. దాని ఆల్టర్నేటర్ పట్టీ పాతదే ఉందా మార్చారా అడగండి, పాత పట్టీలు విరిగి ముందు కవరు పాడుచేసిన సందర్భాలున్నాయి. ప్యానెల్ వైరింగ్ మధ్యలో ప్లగ్గులుంటాయి, అవి తుప్పు పట్టి వేడెక్కుతాయి, తీసేసి నేరుగా కలపడం మంచిది. రెండు బోట్లకీ వర్తించేది ఏంటంటే, మీరు రాకముందు ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని ఓనర్‌కి ముందే చెప్పండి, వెళ్లగానే చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడండి. వేడిగా ఉంటే ఎందుకు వేడి చేశారో అడగాలి. చల్లటి ఇంజిన్ ఎంతసేపటికి అందుకుంది, పొగ ఏ రంగు అన్నది గమనించండి. నల్ల పొగ అంటే భారం ఎక్కువో డీజిల్ సరిగ్గా కాలకపోవడమో, నీలం అంటే ఆయిలు కాలుతోంది, తెల్లది ఆగకుండా వస్తుంటే కాలని డీజిలో, లోపలికి నీళ్లు పోవడమో. గంటల మీటరు తక్కువ చూపిస్తోందని మురిసిపోకండి, నలభై ఏళ్లలో అతి తక్కువ గంటలు తిరిగిన ఇంజిన్ కన్నా వారం వారం తిరిగిన ఇంజిన్‌నే నేను నమ్ముతాను.

మొదటిసారి చూడ్డానికి వెళ్లినప్పుడు ఓనర్‌ని కాసేపు బయట ఉండమని మర్యాదగా అడిగి రెండు గంటలు మీరిద్దరే లోపల ఉండండి. తలుపు తీయగానే వచ్చే మొదటి వాసన గుర్తుపెట్టుకోండి, డీజిలా, బూజా, టాయిలెట్ గొట్టాలా, పది నిమిషాలకి ముక్కు అలవాటైపోయి ఏమీ తెలీదు. ప్రతి మూత ఎత్తండి, ప్రతి అల్మారా ఖాళీ చేసి వెనక చెయ్యి పెట్టండి. సీకాకులు, అంటే హల్‌లోంచి నీళ్లు వచ్చిపోయే వాల్వులు, ఒక్కొక్కటీ తిప్పి చూడండి, తిరగకపోతే రాసుకోండి, ఇంట్లో వాడే రకం ఇత్తడి గేట్ వాల్వులుంటే అన్నీ మార్చాలి. డెక్కు మీద చిన్న ప్లాస్టిక్ సుత్తితో కొడుతూ పోండి, గట్టి చోట టకటక మంటుంది, నానిన చోట మొద్దుగా డబ్‌మంటుంది, ముఖ్యంగా స్టాంచన్ల (డెక్కు అంచున రెయిలింగ్‌ని మోసే కడ్డీల) చుట్టూ, హ్యాచ్‌ల (డెక్కు మీది మూతల) చుట్టూ, కాటలినాకి ఇది తప్పకుండా చేయాలి, టేకు కింద ఈ శబ్దం సరిగ్గా తెలీదు. సెయిల్ కుట్టు దారాన్ని గోటితో గీకండి, తెగిపోతే ఎండకి పోయినట్టే. అన్నీ అయ్యాక ఒకరు పడుకుని చూడండి, ఒకరు స్టవ్ దగ్గర నిలబడండి, బోటు 20 డిగ్రీలు పక్కకి వాలితే ఎక్కడ పట్టుకుంటారు, ఎక్కడ పడతారు అని ఊహించుకోండి. ఇక్కడ టయానా సౌకర్యంగా అనిపించొచ్చు, కాటలినా లోపల వెడల్పు ఎక్కువ, లంగరు వేసినప్పుడు ఆ వెడల్పు హాయిగా ఉంటుంది, వాలినప్పుడు పట్టుకోవడానికి దూరం అవుతుంది, అదనంగా హ్యాండ్ హోల్డులు బిగించుకోవాల్సి రావొచ్చు.

ఇవన్నీ అయ్యాక, ఇంకా ఇష్టంగానే ఉంటే అప్పుడు సర్వేయర్‌ని, అంటే కొనేముందు బోటుని పరీక్షించి రిపోర్టు ఇచ్చే మనిషిని, పిలవండి, రెండు బోట్లకీ ఒకేసారి డబ్బు పెట్టొద్దు. సర్వేయర్‌ని మీరే వెతుక్కోండి, అమ్మేవాళ్లో బ్రోకరో చెప్పిన పేరు వద్దు, అమెరికాలో అయితే శామ్స్ లేదా నామ్స్ అనే సర్వేయర్ల సంఘాల సభ్యులుంటారు. సర్వే, సీ ట్రయల్ (నీళ్లలో నడిపి చూడడం) బాగుంటేనే కొంటామని కాగితంలో ఉండాలి, లేకుంటే అడ్వాన్స్ ఇవ్వొద్దు. సర్వే రోజు మీరు అక్కడే ఉండండి, రిపోర్టులో రాయనివి చాలా నోటితో చెప్తారు. చాలామంది సర్వేయర్లు మాస్ట్ ఎక్కరు, ఇంజిన్ లోపల చూడరు, వాటికి రిగ్గర్‌ని, డీజిల్ మెకానిక్‌ని విడిగా పెట్టుకోవాలి, ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కి పంపాలి. హల్ మీద బొబ్బలు కనిపిస్తే, పొడిచినప్పుడు వెనిగర్ వాసన వస్తే అది ఆస్మాసిస్, ఆ కాలం బోట్లలో మామూలే, పదీ ఇరవై ఉంటే కొనడం మానక్కర్లేదు. చుక్కాని అడుగునుంచి గంటల తరబడి నీళ్లు కారుతుంటే మాత్రం లోపలి స్టీలు ఫ్రేము గురించి ఆలోచించాలి, కాటలినా స్పేడ్ చుక్కానికి ఇది ముఖ్యం. సీ ట్రయల్‌లో ఇంజిన్‌ని అరగంట క్రూజింగ్ స్పీడులో, కొన్ని నిమిషాలు పూర్తిగా తిప్పి వేడి ఎంత పెరిగిందో చూడండి. అన్ని సెయిల్స్ ఎత్తి, బాగా వాలినప్పుడు లోపలికెళ్లి తలుపులు మూసి తీసి చూడండి, స్లిప్‌లో సులువుగా మూసుకున్న తలుపు అప్పుడు బిగుసుకుంటే హల్ ఎక్కడో వంగుతోందన్నమాట.

కాగితాల సంగతి క్లుప్తంగా చెప్తాను, బోటు మీద అప్పు లేదని, అమ్మేవాడి పేరు మీదే ఉందని చూసుకోండి, వెనక కుడిపక్క హల్ నంబరు కాగితాల్లో నంబరుతో అక్షరం అక్షరం పోల్చండి. ఇన్సూరెన్స్ దొరుకుతుందా అని సర్వేకి ముందే ఫోన్ చేసి అడగండి, ఇంత పాత బోటుకి, సముద్రం దాటే ప్లాన్‌కి, కొత్త సెయిలర్లకి కొన్ని కంపెనీలు ఇవ్వవు.

ఇప్పుడు మళ్లీ మీ ప్రశ్నకి. మీ మొదటి రెండు మూడేళ్లు తీరం వెంబడే కాబట్టి, ఆ రెండేళ్లలో మీరిద్దరూ వీలైనన్ని రోజులు నీళ్ల మీద ఉండి నేర్చుకోవడమే అన్నిటికంటే ముఖ్యం కాబట్టి, కీల్ జాయింటు పొడిగా ఉంటే, రిగ్గింగ్ ఖర్చు ధరలోంచి తగ్గితే కాటలినా తీసుకోండి. తర్వాత సముద్రం దాటాలన్న కోరిక అలాగే ఉంటే అప్పటికి ఏ బోటు కావాలో మీకే తెలుస్తుంది, కాటలినా 36లు రెండు వేలకి పైగా తయారయ్యాయి, తెలిసిన బోటు కాబట్టి అమ్ముకోవడం కూడా సులువు. నా మాట మారే సందర్భం ఒకటుంది. టయానా ట్యాంకు ఇప్పటికే మార్చి ఉండి, చైన్‌ప్లేట్లు తీసి చూసినట్టు ఫోటోలుండి, డెక్కు కింద చెక్క పొడిగా ఉందని సర్వేయర్ చెప్పి, మీ ఇద్దరికీ గ్లాస్ పని, చెక్క పని సొంతంగా చేసుకోవడం ఇష్టమైతే నేను మిమ్మల్ని టయానా వద్దనను, పైగా సంతోషిస్తాను. ఈ వారం టయానా ఓనర్‌కి ఫోన్ చేసి ఈ మూడే అడగండి: ట్యాంకు దేంతో చేసింది, రిగ్గింగ్ బిల్లులో చైన్‌ప్లేట్లు ఉన్నాయా, డెక్కు మీద టేకు ఎప్పుడైనా లేపారా. కాటలినా ఓనర్‌ని బిల్జ్‌లో కీల్ బోల్టుల ఫోటోలు దగ్గరనుంచి తీసి పంపమనండి. ఆ జవాబులు, ఫోటోలు పెడితే చూసి, సర్వేయర్‌ని ముందు ఏ బోటుకి పిలవాలో చెప్తాను.